యంత్ర సంగీతం వెనక మనుషులు

సంగీతాన్ని గురించి మన పత్రికల్లో వ్యాసాలు రావడం తక్కువ. వచ్చినవైనా జానపద గేయాలను గురించో, ప్రజానాట్యమండలి బుర్రకథలను గురించో వస్తాయి. అందులో తప్పేమీ లేదు. కాని నేడు మన విద్యార్థులు హాస్టలు గదుల్లో వింటున్నది బుర్రకథ కాదు. సింథసైజర్లతో, డ్రమ్ మెషీన్లతో, కంప్యూటర్లతో తయారయే నృత్యసంగీతం వాళ్ళ చెవుల్లో మోగుతూ వుంటుంది. దాన్ని గురించి మనం సాధారణంగా రెండు మాటల్లో ఏదో ఒకటి అని వూరుకుంటాం. మొదటిది, అది క్షీణదశలో వున్న బూర్జువా సంస్కృతి చేసే చప్పుడని. రెండోది, అది కుర్రవాళ్ళ సరదా గనక దానితో మనకు పనిలేదని. ఈ రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి పనికివచ్చే మాటలు.

ఈ మాటలు నేనూ అన్నవాణ్ణే. కొన్నేళ్ళ కిందట మా కాలేజీ వార్షికోత్సవంలో 'వన్ మోర్ టైమ్' అనే పాట మోగుతూ వుంటే, నా పక్కన నిలబడ్డ విద్యార్థి ఒకడు, "సార్, ఈ పాట చేసిన ఇద్దరూ ఎప్పుడూ మొహాలు చూపించరండీ. మరమనుషుల హెల్మెట్లు పెట్టుకుంటారు. స్టారు పూజ మాకొద్దు అన్నట్టే గదండీ? అంటే వాళ్ళు మనవైపు వాళ్ళే గదా?" అని అడిగాడు. "ముసుగు కూడా అమ్ముడుపోయే సరుకేనోయ్" అన్నాను. జవాబు చురుగ్గానే వుంది. కుర్రవాడు నవ్వాడు కూడా. కాని ఇంటికి పోయి ఆలోచిస్తే నాకు సిగ్గేసింది. ఆ పాట పాడింది ఎవరో నాకు తెలియదు. అందులో మోగే బాకాలు ఏ పాత రికార్డులోవో తెలియదు. ఆ దరువు ఏ వూళ్ళో, ఎట్లాంటి జనం మధ్య పుట్టిందో తెలియదు. ఏమీ తెలియకుండానే తీర్పు చెప్పేశాను. ఆ తర్వాత తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం. ఆ విద్యార్థికి నేను బాకీపడ్డ జవాబు కూడా ఇదే.

ఆ ఇద్దరూ పారిస్ నగరం వాళ్ళు. ఒకరు తోమా బాంగల్తేర్, రెండోవారు గీ-మాన్యుయేల్ ద ఓమెమ్ క్రిస్తో. జంటగా పెట్టుకున్న పేరు డాఫ్ట్ పంక్. 1993లో మొదలైన ఈ జంట 2021 ఫిబ్రవరి 22న విడిపోయింది. మొదట్లో వాళ్ళ సంగీతం వేసింది గ్లాస్గో నగరంలోని ఒక చిన్న రికార్డు సంస్థ. విన్నది ఆ తరహా సంగీతాన్ని వెతుక్కుని వినే కొద్దిమంది. ఇరవై యేళ్ళు తిరిగేసరికి అమెరికా రికార్డు పరిశ్రమ ఇచ్చే అతి పెద్ద బహుమతి వాళ్ళ చేతిలో వుంది. ఈ ప్రయాణాన్ని పత్రికలు ఇద్దరు మేధావుల విజయగాథగా చెబుతాయి. పాత అభిమానులు కొందరు దాన్నే పతనగాథగా చెబుతారు: కొద్దిమందిదిగా వున్నన్నాళ్ళూ స్వచ్ఛంగా వుంది, అందరిదీ కాగానే అమ్ముడుపోయింది అని. నా వుద్దేశంలో ఈ రెండు కథలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. రెండూ ఆ ఇద్దరినే చూస్తున్నాయి. వాళ్ళ చేతికి రాకముందు ఆ సంగీతం ఎవరి చేతుల్లో వుండేదో, వాళ్ళ చేయి దాటాక దాని ఫలితం ఎవరికి చేరిందో చూడడం లేదు. చరిత్ర అనేది ఈ రెండు కొసలూ కలిపి చూస్తేనే అర్థమవుతుంది.

కాబట్టి కథ పారిస్‌లో కాదు, చికాగోలో మొదలుపెట్టాలి.

1970లలో డిస్కో అనే నృత్యసంగీతం న్యూయార్కు వంటి నగరాల్లోని రాత్రి క్లబ్బుల్లో పెరిగింది. ఆ క్లబ్బులకు పోయేవాళ్ళలో నల్లవాళ్ళు, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళు, సమాజం వెలివేసిన స్వలింగ ప్రేమికులు ఎక్కువ. పగలు వాళ్ళకు దొరకని గౌరవం రాత్రి ఆ నాట్యశాలలో దొరికేది. రికార్డు కంపెనీలు ఆ సంగీతాన్ని పట్టుకుని, లాభం వచ్చినంతకాలం దేశమంతటా గుప్పించి, దాని పస పిండేశాయి. 1979 జూలై 12న చికాగోలోని కొమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద జనం డిస్కో రికార్డులు తెచ్చి కుప్పవేశారు. రెండు ఆటల మధ్య విరామంలో ఆ కుప్పను మందుగుండు పెట్టి పేల్చారు. వేలాది మంది మైదానంలోకి దూకేసరికి రెండో ఆట జరగనేలేదు. ఆనాడు అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో వున్న విన్స్ లారెన్స్ అనే నల్ల కుర్రవాడు తర్వాత చెప్పిన మాట గమనించదగ్గది: జనం తెచ్చిన వాటిలో డిస్కోతో ఏ సంబంధమూ లేని నల్ల గాయకుల రికార్డులు చాలా వున్నాయట. మంట దేనిమీదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పేల్చినంత మాత్రాన ఆ సంగీతం చావలేదు. అదే చికాగోలో 1977లో వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరిచారు. న్యూయార్కు నుంచి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ అనే డీజే అక్కడ రికార్డులు మోగించేవాడు. హౌస్ సంగీతానికి ఆ పేరు వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు. రికార్డు కంపెనీలు డిస్కోను వదిలేశాక కొత్త రికార్డులు రావడం తగ్గిపోయింది. అప్పుడు చికాగో కుర్రవాళ్ళు తమకు కావలసినది తామే తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. 1984లో జెస్సీ సాండర్స్ పేరుతో వచ్చిన 'ఆన్ అండ్ ఆన్' తొలి హౌస్ రికార్డుల్లో ఒకటి. దాని తయారీలో భాగస్వామి ఎవరనుకుంటారు? మైదానంలో సీట్లు చూపించిన ఆ విన్స్ లారెన్సే.

వాళ్ళు వాడిన పనిముట్ల కథ ఇంకా ఆసక్తికరమైనది. జపాను దేశపు రోలండ్ కంపెనీ 1980 తర్వాత కొన్ని చిన్న యంత్రాలు అమ్మకానికి పెట్టింది. ఒకటి డ్రమ్ములు వాయించేవాడికి బదులు, ఇంకొకటి బేస్ గిటారు వాయించేవాడికి బదులు. అంటే వాద్యకారుడికి ఇచ్చే కూలి మిగిల్చే యంత్రాలు. వాటి మోత అసలు వాద్యంలాగా లేదని సంగీతకారులు పెదవి విరిచారు. అమ్మకాలు సాగక కంపెనీ కొద్ది యేళ్ళకే వాటి తయారీ మానేసింది. అవి పాతసామాను దుకాణాల్లోకి చవగ్గా వచ్చిపడ్డాయి. కొత్త వాద్యాలు కొనే స్తోమత లేని కుర్రవాళ్ళ చేతికి అట్లా అందాయి. బేస్ యంత్రం బిరడాలను తయారీదారు అనుకోని రీతిలో తిప్పి ఫ్యూచర్ అనే బృందం 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' చేసింది. అది ఒక కొత్త శాఖకే మూలమైంది. పక్కనే కార్ల కర్మాగారాల నగరమైన డెట్రాయిట్ ప్రాంతంలో హ్వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్ల యువకులు టెక్నో అనే మరో శాఖ తీశారు. ఇవి ఉక్కు, మోటారు పరిశ్రమలు మూతపడుతున్న రోజులు. చికాగోలో విస్కాన్సిన్ స్టీల్ 1980లోనే మూసేశారు. తండ్రులకు యంత్రాల దగ్గర పని పోయిన వూళ్ళలో కొడుకులు పారేసిన యంత్రాలతో పాట కట్టారు. యంత్రం దానంతటది శత్రువూ కాదు, మిత్రుడూ కాదు. అది ఎవరి చేతిలో ఏ పని చేస్తున్నదనేదే ప్రశ్న అని మనం పుస్తకాల్లో చదువుకున్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఈ సంగీతం సముద్రం దాటి ఇంగ్లండు చేరింది. 1988 నాటికి అక్కడ ఖాళీ గోడౌన్లలో, పొలాల్లో రాత్రంతా నాట్యం చేసే సమావేశాలు వెల్లువెత్తాయి. వాటిని రేవ్‌లు అన్నారు. 1994లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని అణచడానికి ఒక చట్టం చేసింది. ఒకే దరువు పదేపదే మోగే సంగీతం అని ఆ చట్టంలో నిర్వచనం కూడా రాసుకున్నారు. దరువును చట్టంలోకి ఎక్కించిన ఘనత ఆ ప్రభుత్వానిది. ఫ్రాన్సులో 1995 జనవరిలో హోంమంత్రిత్వశాఖ, రేవ్‌లు చాలా ప్రమాదకరమైన సందర్భాలని అధికారులను హెచ్చరిస్తూ సర్క్యులర్ పంపింది. మన పారిస్ కుర్రవాళ్ళు రంగంలోకి వచ్చేనాటికి పరిస్థితి ఇది.

బాంగల్తేర్, ఓమెమ్ క్రిస్తో 1987లో కార్నో అనే పారిస్ బడిలో స్నేహితులయ్యారు. 1992లో ఇంకో మిత్రుడితో కలిసి డార్లిన్ అనే గిటారు బృందం పెట్టారు. వాళ్ళ పాట విన్న బ్రిటిష్ పత్రిక మెలోడీ మేకర్ విమర్శకుడొకడు, అదొక తెలివితక్కువ పంక్ రొద అని తీసిపారేశాడు. బృందం చెదిరిపోయింది గాని, మిగిలిన ఇద్దరూ ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు. 1993లో పారిస్ దగ్గరి డిస్నీ వినోదశాలలో జరిగిన ఒక రేవ్‌లో గ్లాస్గోకు చెందిన సోమా రికార్డు సంస్థవాళ్ళు తటస్థపడితే తమ టేపు ఇచ్చారు. 1994లో 'ద న్యూ వేవ్', 1995లో 'డా ఫంక్' ఆ సంస్థ ద్వారా వచ్చాయి. 'డా ఫంక్' మొదట వేసిన ప్రతులు కొద్ది, పట్టించుకున్నవాళ్ళూ కొద్దిమందే. ఇంగ్లండులోని కెమికల్ బ్రదర్స్ అనే మరో జంట తమ ప్రదర్శనల్లో దాన్ని మోగించసాగాక డీజేల నోట డీజేల నోట ఆ పేరు పాకింది. పెద్ద కంపెనీలు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాయి.

ఇక్కడ వర్గం సంగతి దాచకుండా చెప్పుకోవాలి. బాంగల్తేర్ తండ్రి డానియేల్ వాంగార్డ్ అనే పేరుతో పాటలు రాసి, రికార్డులు తీసి విజయం సాధించినవాడు. ఒట్టవాన్ బృందం పాడగా ఒకప్పుడు లోకమంతా మోగిన 'డి.ఐ.ఎస్.సి.ఓ.' పాటలో ఆయన చెయ్యి వుంది. రికార్డు కంపెనీ ఒప్పందం అంటే ఏమిటో, అందులో ఏ షరతు దగ్గర ఆగి ఆలోచించాలో తెలిసిన ఇల్లు అది. 1996లో వర్జిన్ కంపెనీతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఈ జంట తమ సొంత సంస్థ ద్వారా పాటలను కంపెనీకి వాడుకోవడానికి ఇచ్చింది గాని, వాటి మీద యాజమాన్యాన్ని వదులుకోలేదు. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తామే నిర్ణయించుకునే హక్కు అట్టే పెట్టుకుంది. ఇరవై యేళ్ళ కుర్రవాళ్ళు ఇంత దూరం ఆలోచించడం మెచ్చుకోదగ్గదే.

కాని చికాగో సంగతి పక్కన పెట్టి చూడండి. అక్కడి మార్గదర్శకుల్లో పలువురు తొలి రికార్డులు చేసింది ట్రాక్స్ అనే సంస్థకు. 2020లో లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ అనే ఇద్దరు ప్రసిద్ధులు తమకు రావలసిన డబ్బు రాలేదని, పాటల హక్కులు తమవేనని ఆ సంస్థమీద దావా వేశారు. 2022లో రాజీ కుదిరి హక్కులు తిరిగి దక్కించుకున్నారు. అదే యేడు మరో పన్నెండుమందికి పైగా కళాకారులు కోర్టుకు వెళ్ళారు. మూడున్నర దశాబ్దాల కిందటి పాటల కోసం ముసలితనంలో కోర్టు మెట్లెక్కవలసి రావడం ఒక పక్క, మొదటి ఒప్పందంలోనే యాజమాన్యం నిలుపుకోగలగడం మరో పక్క. ఈ తేడా ప్రతిభలోది కాదు. పుట్టిన ఇంటిదీ, చర్మపు రంగుదీ, చేతిలో వున్న డబ్బుదీ.

అయితే ఈ జంట తమ బాకీని మరిచిపోయిందనడం అన్యాయం. 1997 జనవరిలో వచ్చిన తొలి ఆల్బం 'హోమ్‌వర్క్' పేరుకు తగ్గట్టు బాంగల్తేర్ పడకగదిలో తయారైంది. అందులో 'టీచర్స్' అనే పాటకు సాహిత్యమంటూ ఏమీ లేదు. తమకు గురువులైనవాళ్ళ పేర్లు వరసగా చదవడమే పాట. వాళ్ళలో చాలామంది చికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వాళ్ళు. మన కవులు కావ్యం మొదట్లో పూర్వకవి స్తుతి చేసే పద్ధతి గుర్తుకువస్తుంది. అదే ఆల్బంలో 'రెవల్యూషన్ 909' పోలీసులు నాట్యసభ మీద పడే చప్పుళ్ళతో మొదలవుతుంది. పేరులోని అంకె రోలండ్ డ్రమ్ యంత్రానిది. దానికి రోమన్ కొప్పోలా తీసిన చిన్న చిత్రం చూడదగ్గది. పోలీసు దాడి మధ్యలో ఒక పోలీసువాడి చొక్కామీద టొమేటో మరక కనిపిస్తుంది. కథ అక్కడినుంచి వెనక్కుపోతుంది. విత్తనం నాటడం, కాయ కోయడం, పెట్టెల్లో కట్టడం, అంగట్లో కొనడం, వంటింట్లో పులుసు కాచడం, పోలీసువాడు తినడం, మరక పడడం. వాడు మరక చూసుకునేలోగా పట్టుబడ్డ అమ్మాయి పారిపోతుంది. ఒక మరక వెనక ఎంతమంది శ్రమ వుందో చూపించే చిత్రమిది. ఒక పాట వెనక కూడా అంతమందీ వుంటారు. ఈ దృష్టితోనే వాళ్ళ ముఖ్యమైన పాటను చూద్దాం.

2000 చివర్లో వచ్చిన 'వన్ మోర్ టైమ్' వాళ్ళను కొద్దిమంది నుంచి కోట్లమందికి చేర్చింది. మరుసటి యేడు వచ్చిన 'డిస్కవరీ' ఆల్బంలో అది మొదటి పాట. పాడింది రొమాంతొని అనే న్యూజెర్సీ గాయకుడు. 'టీచర్స్'లో చదివిన పేర్లలో ఆయన పేరూ వుంది. 2013లో చనిపోయాడు. ఆ బాకాలు 1979లో ఎడ్డీ జాన్స్ అనే గాయకుడు చేసిన 'మోర్ స్పెల్ ఆన్ యూ' అనే డిస్కో రికార్డులోవి. దానిలోని తునకలు కోసి, వరస మార్చి అతికించారు. దీన్నే సాంప్లింగ్ అంటారు. మనకిది కొత్త సంగతేమీ కాదు. పల్లెలో నాట్లు వేసే ఆడవాళ్ళ బాణీ సినిమా పాట కావడం, తెరమీద సంగీత దర్శకుడి పేరు పడడం ఎన్నిసార్లు చూడలేదు? తేడా ఏమంటే, మనవాళ్ళు బాణీ తీసుకుంటే, సాంప్లింగ్‌లో ఇతరుల శ్వాసనే, వాళ్ళ చేతిపనినే యథాతథంగా తీసుకుంటారు.

అందులో తప్పున్నదా? కోసి అతకడం కూడా కళే. విననివాళ్ళు ఆ రెండు రికార్డులూ పక్కపక్కన వినిచూస్తే తెలుస్తుంది. ప్రశ్న డబ్బు దగ్గర వస్తుంది. 2021లో లాస్ ఏంజలెస్ టైమ్స్ పత్రిక ఎడ్డీ జాన్స్‌ను వెతికి పట్టుకుని రాసింది: ఆయన అదే నగరంలో పేదరికంలో బతుకుతున్నాడు, లోకమంతా మోగిన ఆ పాట వల్ల ఆయనకు డబ్బేమీ ముట్టలేదు. డాఫ్ట్ పంక్ డబ్బు కట్టకపోలేదు. పాత రికార్డు హక్కులు కొనుక్కున్న ఒక ఫ్రెంచి సంస్థకు క్రమంగా చెల్లిస్తూనే వుంది. ఆ సంస్థకు జాన్స్ ఎక్కడున్నాడో తెలియదట. ఇందులో దొంగ అంటూ ఎవరూ లేరు. అందరూ చట్టప్రకారమే నడుచుకున్నారు. చట్టప్రకారం నడుచుకుంటూనే, పాడినవాణ్ణి వదిలేసి కాగితం కొన్నవాడికి ఫలితం చేర్చగల ఏర్పాటు అది. వ్యక్తుల నీతిని తూచి తృప్తిపడే విమర్శకులకు ఇక్కడ పట్టు దొరకదు. ఆస్తి సంబంధాలను చూసేవాడికి మాత్రం అంతా స్పష్టమే.

ఇదే ఆల్బంలోని 'హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్' ఎడ్విన్ బర్డ్‌సాంగ్ అనే నల్ల సంగీతకారుడి 1979 నాటి రికార్డు తునక మీద కట్టింది. అక్కడ బర్డ్‌సాంగ్ పేరు రచయితల్లో చేర్చారు. 2007లో కాన్యే వెస్ట్ ఆ పాట తునకనే తీసుకుని 'స్ట్రాంగర్' చేస్తే అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. నల్లవాళ్ళ సంగీతం పారిస్ వెళ్ళి, మెరుగు పెట్టించుకుని, తిరిగి నల్ల గాయకుడి నోట అమెరికా చేరింది. అందుకే ఒక పాటను ఒక జాతిదనో, ఒక మేధావిదనో గిరిగీసి చెప్పడం కష్టమంటున్నాను.

ఇప్పుడు ముసుగు మాట. మొదటినుంచీ వాళ్ళు ఫొటోలకు మొహాలు దాచుకునేవాళ్ళు. 2001 నాటికి మరమనుషుల హెల్మెట్లు వచ్చాయి. 1999 సెప్టెంబరు 9న తమ యంత్రం పేలి తాము మరమనుషులమైపోయామని ఒక కట్టుకథ చెప్పారు. రోబో అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో లోకానికి తెలిసింది. దాని మూలమైన చెక్ పదానికి అర్థం సరిగ్గా మన వెట్టిచాకిరి. ఆ నాటకంలో వెట్టి చేసే మరమనుషులు తిరగబడతారు. పారిస్ రోబోలు తిరగబడలేదు. అయితే వ్యక్తి మొహాన్ని అమ్ముకునే వ్యాపారానికి తమ మొహం ఇవ్వలేదు. అందులో ప్రతిఘటన వుంది. నా విద్యార్థి చూసింది అదే.

కాని మొహం ఇవ్వకపోతే మార్కెట్టు హెల్మెట్టుతోనే సరిపెట్టుకుంది. అదే యేడు గ్యాప్ దుస్తుల కంపెనీ ప్రకటనలో ఆ హెల్మెట్లు కనిపించాయి. 2011లో కోకాకోలా సీసాలు వాళ్ళ పేరుమీద వచ్చాయి. సరుకు వెనక మనుషుల మధ్య సంబంధాలు కనిపించకుండా పోయి, వస్తువుల మధ్య సంబంధాల్లా కనిపిస్తాయని మార్క్స్ చెప్పాడు. ఆ హెల్మెట్టు మెరుపులో రొమాంతొని, జాన్స్, వేర్‌హౌస్ క్లబ్బు ఏవీ కనిపించవు. పాట మరమనుషులు చేసినట్టే వుంటుంది. మార్కెట్టుకు కావలసిందీ అదే. చిత్రమేమంటే ఈ సంగతి వాళ్ళకు తెలియకపోలేదు. 'డిస్కవరీ' పాటలకు జపానులోని తోయీ సంస్థ, లేజీ మత్సుమోతో పర్యవేక్షణలో 2003లో 'ఇంటర్‌స్టెల్లా 5555' అనే బొమ్మల చిత్రం తీసింది. నీలిరంగు చర్మం గల వేరే గ్రహపు సంగీతకారులను ఒక రికార్డు వ్యాపారి అపహరించి, చర్మానికి రంగు వేసి, జ్ఞాపకాలు చెరిపి, భూమ్మీద తారలుగా అమ్ముకునే కథ అది. సంగీత వ్యాపారం మీద ఇంతకంటే సూటి విమర్శ ఎవరు చేశారు? ఆ విమర్శను కూడా అదే వ్యాపారం ముద్రించి అమ్మింది.

2005లో వచ్చిన మూడో ఆల్బం 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' ఆరు వారాల్లో చేసింది, విమర్శకులు మెచ్చలేదు. కాని 2006 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా వుత్సవంలో దీపాల పిరమిడ్డు ఎక్కి వాళ్ళు ఇచ్చిన ప్రదర్శన, మరుసటి యేటి పర్యటన కొత్త తరాన్ని కట్టిపడేశాయి. ఆ తర్వాత అమెరికాలో ఈ నృత్యసంగీతం మైదానాలు నింపే వ్యాపారమైంది. దాని మీద పెట్టుబడి వచ్చి వాలింది. ఎస్.ఎఫ్.ఎక్స్. అనే సంస్థ వరసగా సంగీతోత్సవాలను కొనేసి, 2013లో షేర్లు అమ్మి, 2016లో దివాలా తీసింది. 1979లో డిస్కోకు జరిగినదే మళ్ళీ జరిగింది. ఈసారి మందుగుండు అవసరం లేకపోయింది.

ఈ ఊపులో వున్నప్పుడే ఆ ఇద్దరూ ఎవరూ అనుకోని పని చేశారు. 2013 మే నెలలో వచ్చిన 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' కోసం యంత్రాలు చాలావరకు పక్కన పెట్టి, డ్రమ్ములకు ఒమర్ హకీమ్‌ను, బేస్‌కు నేథన్ ఈస్ట్‌ను, ఇట్లా ఆరితేరిన వాద్యకారులను పిలిచి టేపు మీద రికార్డు చేశారు. తొలినాళ్ళ డిస్కో నిర్మాత జార్జియో మొరోడర్ చేత ఆయన జీవితకథ చెప్పించి దాన్నే ఒక పాటగా కట్టారు. 'గెట్ లక్కీ'లో గిటారు నైల్ రాడ్జర్స్‌ది. ఈయన చిక్ అనే డిస్కో బృందపు స్థాపకుల్లో ఒకడు. 1979 నాటి ద్వేషప్రచారం తర్వాత ఆ బృందానికి పూర్వపు ఆదరణ మళ్ళీ రాలేదు. 2014 జనవరి 26న గ్రామీ సభలో ఆ యేటి అత్యుత్తమ ఆల్బం, అత్యుత్తమ రికార్డు బహుమతులు రెండూ వీళ్ళకు వచ్చినప్పుడు రాడ్జర్స్ వేదికమీద వున్నాడు. మైదానంలో పేల్చిన సంగీతానికి ముప్పైనాలుగేళ్ళ తర్వాత జరిగిన సన్మానమది. మరమనుషులు మౌనంగా నిలబడితే వాళ్ళ తరఫున పాల్ విలియమ్స్ అనే గీతరచయిత మాట్లాడాడు.

ఈ ఆల్బం విని నేను ఆనందించాను. ఆనందిస్తూనే ఒక సంగతి మరవలేకపోయాను. దీనికి పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. మనుషుల చేత వాయించుకోవడం ఇప్పుడు ధనవంతుడైన కళాకారుడికే సాధ్యమైన భోగమైంది. మద్రాసు రికార్డింగు థియేటర్లలో తెలుగు పాటలకు డజన్ల కొద్దీ వయొలిన్లు కూర్చుని వాయించిన రోజులు మన పెద్దలకు గుర్తే. కీబోర్డులు, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాక ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి. చికాగోలో పేదవాడికి వాద్యమైన యంత్రమే మద్రాసులో వాద్యకారుడి కూడు తీసింది. కారణం యంత్రంలో లేదు. అక్కడ అది పనిలేని కుర్రవాడి చేతిలో వుంది. ఇక్కడ ఖర్చు తగ్గించుకునే నిర్మాత చేతిలో వుంది.

ఇక రాజ్యం మాట. 2017 జూలై 14న పారిస్ జాతీయోత్సవ కవాతులో, మాక్రాన్, ట్రంప్ అనే ఇద్దరు అధ్యక్షుల ఎదుట ఫ్రెంచి సైనిక బ్యాండు డాఫ్ట్ పంక్ పాటలు వాయించింది. 1995లో రేవ్‌లు ప్రమాదమని సర్క్యులర్ పంపిన రాజ్యమే ఇది. 'డిస్కవరీ' లోకమంతా అమ్ముడుపోయిన 2001లోనే, అనుమతి లేని నాట్యసభల సౌండు పరికరాలు జప్తు చేసుకునే చట్టం తెచ్చిన రాజ్యమూ ఇదే. అంటే రాజ్యం మనసు మారిందా? మారలేదు. రికార్డుగా అమ్ముడుపోయే దరువుకు కవాతులో చోటు దొరికింది. అనుమతి అడగకుండా పొలంలో గుమిగూడే జనానికి మాత్రం అప్పుడూ చోటు లేదు. జనరంజకత్వం అంటే సంగీతం జనానికి చేరడమొక్కటే కాదు. ఏ జనానికి, ఎవరి అనుమతితో చేరుతుందనేది కూడా.

ద వీకెండ్ అనే గాయకుడితో చేసిన 'స్టార్‌బాయ్' 2017 జనవరిలో అమెరికా పట్టికలో మొదటి స్థానం పొందింది. వాళ్ళకు అక్కడ ఆ స్థానం అదే మొదటిసారి. నాలుగేళ్ళకు జంట విడిపోయింది. 2022లో బాంగల్తేర్ బోర్డో నగరంలో ఒక బాలేకు పూర్తిగా వాద్యబృందం వాయించే సంగీతం రాశాడు. ఆ తర్వాత మొహం దాచకుండా పత్రికలతో మాట్లాడుతూ, 2023 నాటి ప్రపంచంలో తాను రోబోగా వుండదలచుకోలేదని అన్నాడు. యంత్రం పాట కట్టి, బొమ్మ గీసి, వ్యాసం రాసే కాలంలో ఆ మాటకు బరువుంది. అయితే ఆయన తన ఇష్టంతో పెట్టుకున్న ముసుగు తన ఇష్టంతో తీయగలిగాడు. ఎడ్డీ జాన్స్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ఆయన మొహాన్ని కప్పింది హెల్మెట్టు కాదు, హక్కుల కాగితం.

నా విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. వాళ్ళు మనవైపు వాళ్ళా, కాదా అని ఇద్దరు వ్యక్తులను గురించి అడగడంలోనే ఇబ్బంది వుంది. వాళ్ళు మంచి కళాకారులు. గురువుల పేర్లు చెప్పారు, డబ్బు కట్టారు, మొహాన్ని అమ్ముకోలేదు, చివర్లో వాద్యకారులకు పని ఇచ్చారు. ఒక మనిషి నిజాయితీగా చెయ్యగలిగినవి ఇవి. ఇవన్నీ చేసినా బాకాల వాళ్ళకు ఫలితం చేరలేదు. నిజాయితీ చాలని చోట ఏం కావాలో మన సంఘంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కళాకారుల సంఘాలు కావాలి, అమ్మివేసినా తిరిగి దక్కే హక్కుల చట్టాలు కావాలి. హర్డ్, ఓవెన్స్ పోరాడి గెలిచినది అందుకు నాందిగా చూడవచ్చు.

కొద్దిమంది సంగీతం అందరిదీ కావడాన్ని పతనమనే విమర్శకులతో నేను ఏకీభవించను. అది చికాగోలోని కొద్దిమంది దగ్గరే ఆగిపోతే మా కాలేజీ వార్షికోత్సవంలో ఆ కుర్రవాడు నన్ను ప్రశ్న అడిగేవాడూ కాదు, నేను ఇదంతా తెలుసుకునేవాణ్ణీ కాదు. ఈసారి అతను కనిపిస్తే సరుకు, ముసుగు అని సూత్రాలు వల్లించను. ముందు 1979 నాటి ఆ రెండు పాత రికార్డులూ వినిపిస్తాను. తర్వాత 'టీచర్స్' వినిపించి, అందులో ఎన్ని పేర్లు పోల్చుకోగలవో చెప్పమంటాను.